అల్పవ్యయ రాక్షస శాస్త్రం

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టేముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలన్నారు పెద్దలు. చదవదగినవాడెవడు, చెప్పబోయేదేమిటి, ఎవరికెవరితో సంబంధం, చదివితే ఒరిగేదేమిటి? ఈ శాస్త్రానికి అధికారి జేబులో దుడ్డు లేకపోయినా తలలో రాక్షసుణ్ణి మోస్తున్నవాడు. విషయం, చిన్న బడ్జెట్ రాక్షసుడి సినిమాకు స్క్రిప్టు మొదలు ముహూర్తం దాకా నడిచే వ్యవహారం. సంబంధం, నిర్మాతకూ దర్శకుడికీ మధ్య ఉండే మామా అల్లుళ్ళ సంబంధం. ప్రయోజనం, కొబ్బరికాయ కొట్టడం. అక్కణ్ణుంచి గుమ్మడికాయ దాకా జరిగేదంతా అప్పుల శాస్త్రంలో భాగం కనుక ఇక్కడ చర్చించడం లేదు.

ఈ శాస్త్రం పుట్టిన దేశం తమిళనాడులో విరుదునగర్‌కూ కోవిల్‌పట్టికీ నడుమనున్న సుమారు 50 కిలోమీటర్ల నల్లరేగడి. అక్కడివాళ్ళు కరిసల్ అంటారు. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు వందల ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడి, ఇంట్లో తెలుగూ బజార్లో తమిళమూ మాట్లాడుతూ బతుకుతున్న నేల ఇది. వాళ్ళు వలస వచ్చిన కథను కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారు. దాని తరువాయి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. బడి చదువు మధ్యలోనే ఆపిన ఆ పెద్దమనిషి కరిసల్ మాటలకు నిఘంటువు కూర్చి, పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. కాబట్టి ఈ ప్రాంతంలో శాస్త్రం చెప్పడానికి పట్టా అక్కర్లేదన్నది సిద్ధవిషయం. ఆ ధైర్యంతోనే ముందుకు పోదాం.

వ్యాకరణంలో అక్షరాలకు పట్టే గతులే అల్పవ్యయ చిత్రంలో రాక్షసుడికీ పడతాయి. అవి నాలుగు: లోపం, ఆదేశం, ఆగమం, వృద్ధి. వరసగా చూద్దాం.

లోప ప్రకరణం

సూత్రం: ధనలోపే రూపలోపః.

దుడ్డు పోయినకొద్దీ రూపం పోతుందని అర్థం. ఇది పనిచేసే తీరు తెలియాలంటే ముందు నిర్మాత భేదాలు తెలియాలి. కరిసల్ దేశంలో నిర్మాతలు త్రివిధం. మొదటివాడు అగ్గిపెట్టె నిర్మాత. 2007 నుంచి రూపాయి దగ్గరే ఆగిపోయి, 2021 డిసెంబరు 1న గానీ రెండు రూపాయలు కాని సరుకును అమ్మి బతికినవాడు. పుల్ల ఖరీదును పైసలో వంతుగా లెక్కగట్టే బుర్ర ముందు కూర్చుని 'భారీ రాక్షసుడు' అనడానికి గుండె కావాలి. రెండోవాడు విరుదునగర్ పప్పు నిర్మాత. పప్పు, నూనె, మిరపకాయల టోకు ధరలకు దక్షిణాది అంతా చెవి ఒగ్గే బజారు అది. అక్కడ గోనెలో చెయ్యి పెట్టి గింజ చూడందే బేరం లేదు. ఆయన కథ మొత్తం విని "శాంపిలేదీ?" అంటాడు. మూడోవాడు బంధు నిర్మాత. పై ఇద్దరిలో ఎవరో ఒకరు దర్శకుడికి మేనమామ అయితే ఈ మూడోవాడు తయారవుతాడు. శాస్త్రానికి ఇతడే ముఖ్యం.

బంధు నిర్మాత దగ్గర లోపకార్యం జరిగే క్రమం ఇలా ఉంటుంది.

"అల్లుడూ, నీ రాక్షసుడెంత పొడుగు?"

"నలభై అడుగులు మామా."

"ఇరవై చేస్తే కథ చెడుతుందా?"

"ఇరవైకి దిగితే భయం పోతుంది మామా."

"అయితే పడుకోబెట్టు. పడుకున్నవాణ్ణి కొలిచేదెవరు?"

మధ్యాహ్నానికి రాక్షసుడు పడుకుంటాడు. సాయంత్రం టీ వేళకు సగం మట్టిలో కూరుకుపోతాడు. రాత్రి విరుదునగర్ నూనె పరోటాల ముందు కూర్చునేసరికి వీపు మాత్రమే మిగులుతుంది. పరోటాను పెనం మీద కాల్చి ఊరుకోక నూనెలో ముంచి వేయించే ఊరు అది. ఒకటి తిని లేచినవాడు లేడు. తగ్గేది రాక్షసుడు, పెరిగేది పరోటాల బిల్లు. ఈ అనుభవం నుంచే రాక్షసుడి అడుగులను పరోటాల సంఖ్యతో గుణిస్తే వచ్చే ఫలం ఎప్పుడూ ఒక్కటేనన్న నియమం పుట్టింది. స్టోరీ డిస్కషన్ ఎన్నాళ్ళు సాగితే రాక్షసుడు అంత కురచ.

దీనికి దిగులు పడనక్కర్లేదు. పూర్వాచార్యులందరూ లోపంతోనే గెలిచారు. 1975లో విడుదలైన 'జాస్'ను స్పీల్‌బర్గ్ తీస్తున్నప్పుడు యంత్రపు సొరచేప ఉప్పునీళ్ళలో దిగగానే మొరాయించింది. చేప పనిచెయ్యని చోటల్లా ఆయన నీటిని చూపించాడు, కదిలే పీపాలను చూపించాడు, కేకలు వినిపించాడు. గంటకు పైగా గడిస్తేగానీ ఆ చేప ప్రేక్షకుడికి సరిగా కనిపించదు. అంతకు ముందే, 1942లో, వాల్ ల్యూటన్ నిర్మించగా జాక్ టూర్నర్ తీసిన 'క్యాట్ పీపుల్'లో చిరుతగా మారే మనిషి కథను దాదాపు నీడలతోనే నడిపించారు. స్టూడియో ఇచ్చిన దుడ్డుకు నీడలే వచ్చాయి, ఆ నీడలకే జనం జడుసుకున్నారు.

ఇందులోంచి స్క్రిప్టు రాసేవాడు పట్టుకోవలసిన పాఠం ఒకటుంది. రాక్షసుణ్ణి ముందు రాసి, దుడ్డు లేదని తరవాత కొట్టేస్తే పేజీలో గుంట పడుతుంది. వాడి జాడను ముందే రాసుకుంటే కొట్టెయ్యడానికి ఎవరికీ ఏమీ దొరకదు. వన్‌లైన్ ఆర్డర్‌లో 'రాక్షసుడు వచ్చును' అన్న చోటల్లా 'రాక్షసుడు వచ్చిపోయెను' అని మార్చుకున్నవాడికి సగం బడ్జెట్ అక్కడికక్కడే మిగులుతుంది.

ఆదేశ ప్రకరణం

సూత్రం: అలభ్యస్య స్థానే లభ్యమ్.

దొరకనిదాని చోట దొరికినది వచ్చి కూర్చుంటుంది. జపాన్‌లో ఎయిజీ త్సుబురాయాకు 'కింగ్ కాంగ్'లో లాగా బొమ్మను ఫ్రేము ఫ్రేముకూ జరిపి తియ్యాలని కోరిక. టైమూ లేదు, దుడ్డూ లేదు. దాంతో 1954 'గాడ్జిల్లా'లో రబ్బరు తొడుగు వేసుకున్న మనిషిని ఆదేశం చేశాడు. మొదటి తొడుగు దాదాపు 100 కిలోలు తూగింది. లోపలున్న హరువో నకజిమా చెమటతో నానిపోయాడు. అమెరికాలో 1953 'రోబోట్ మాన్‌స్టర్' దర్శకుడు ఇంకా దిగువకు వెళ్ళి, గొరిల్లా తొడుగు సొంతంగా ఉన్న మనిషిని వెతికి పట్టుకుని, అతని నెత్తిన హెల్మెట్ బోర్లించి, గ్రహాంతరవాసి అన్నాడు. చూసినవాళ్ళు నవ్వారు. అయినా డెబ్బై ఏళ్ళ తరవాత కూడా ఆ పేరు మనం తలుచుకుంటున్నాం.

అయితే ఆదేశ విద్యలో మనవాడే జగద్గురువు. జానపద బ్రహ్మ బి. విఠలాచార్య కాల్షీటు దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి కథలో చిలుకగానో మేకగానో మార్చేసి షూటింగు ఆపకుండా నడిపించేవారని సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన సినిమా దయ్యం కట్టెలు లేవని బాధపడదు, కాళ్ళే పొయ్యిలో పెట్టి వండుకుంటుంది. ఖర్చు చూస్తే సున్నా, హడలు చూస్తే జీవితాంతం. ఆయన 1978లో తీసిన 'జగన్మోహిని' తమిళంలోకి వెళ్ళి అక్కడా దుమ్ము రేపింది. కరిసల్ తెలుగువాళ్ళు తమ ఇంటి దయ్యాన్ని తమిళంలో చూసి మురిసిన సందర్భాల్లో అది ముఖ్యమైనది.

ఇక కోవిల్‌పట్టి సంప్రదాయంలో ఆదేశం ఏది? ఈ నేలకు టపాకాయల శివకాశి పక్కనే ఉంది, అగ్గిపుల్ల ఊళ్ళోనే ఉంది. పాము బిళ్ళ ఉండగా రాక్షసుడికి కరువేమిటి?

ప్రయోగ విధానం ఇది. మిట్టమధ్యాహ్నం మేడ మీద ఒక రేకు పరిచి, దాని మీద నల్లరేగడి పొడి జల్లెడ పట్టి చల్లాలి. బొత్తాము కంటే చిన్నదైన నల్ల బిళ్ళను నడుమ పెట్టాలి. ఫోనును నేలబారుగా, మన్ను ముక్కుకు తగిలేంత దగ్గరగా, కెమెరా అద్దం మట్టి అంచుకు ఆనేలా నిలపాలి. పుల్ల గీసి అంటించగానే బిళ్ళ ముందు చిటపటమంటుంది, పచ్చని పొగ కక్కుతుంది, తరవాత నడుమ నుంచి బూడిద పుట్టుకొస్తుంది. పొరలుపొరలుగా ఉబ్బుతూ, ఎటు తిరగాలో తేల్చుకోలేనట్టు మెడ వంచుతూ, తనను తానే నెట్టుకుంటూ ముందుకు పాకుతుంది. పొట్టంతా నెర్రెలు, వెన్నంతా గరుకు. ఒకచోట బరువుకు వంగి తల నేలకు ఆనించి ఆగిపోతుంది. వేలితో తాకితే ఏమీ లేదు, పొడి. రీటేక్ లేని నటుడు. ఒక్క జాగ్రత్త, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. టపాకాయల్లో దాని పొగే మహా చెడ్డదని పుణె పరిశోధకులు 2016లో కొలిచి చెప్పారు.

ఇక్కడ గణితం వస్తుంది. చిన్న బొమ్మ పెద్దదిగా కనబడాలంటే దాని కదలిక నెమ్మదించాలి. బొమ్మ ఎన్నో వంతయితే ఆ సంఖ్య వర్గమూలమంత రెట్లు కెమెరా వేగం పెంచాలన్నది స్పెషల్ ఎఫెక్ట్స్‌వాళ్ళ పాత లెక్క. పదహారో వంతు బొమ్మకు నాలుగు రెట్లు, అంటే సెకనుకు 24 బదులు 96 ఫ్రేములు. మన బూడిద పాము నాలుగు అంగుళాలు. మొదట అనుకున్న రాక్షసుడు 40 అడుగులు, అంటే 480 అంగుళాలు. 120 రెట్లు. దాని వర్గమూలం 11కు కొంచెం తక్కువ. సెకనుకు 263 ఫ్రేములు కావాలి. ఫోనులో 240 మాత్రమే ఉన్నాయి. 240 అంటే పది రెట్ల వేగం, పదికి వర్గం వంద, నాలుగు అంగుళాలకు వంద రెట్లు 400 అంగుళాలు. శాస్త్రీయంగా రాక్షసుడి పొడుగు 33 అడుగుల 4 అంగుళాలు. మామ బేరమాడి తగ్గించలేకపోయిన ఆరడుగుల ఎనిమిది అంగుళాలను ఫోను కంపెనీ తగ్గించింది.

ఆగమ ప్రకరణం

సూత్రం: అనాహూతా ఆగచ్ఛంతి.

పిలవనివి వచ్చి చేరతాయి. లోపంలో పోయిన ఖర్చు ఆగమంలో తిరిగి వస్తుంది. మొదటి ఆగమం పాట. రాక్షసుడు వీపు మాత్రమే చూపిస్తున్నప్పుడు పంపిణీదారుడికి ఏదో ఒకటి పూర్తిగా చూపించాలి కదా. రెండో ఆగమం మామగారి తమ్ముడి కొడుకు. ఇతడు హీరో స్నేహితుడిగా ప్రవేశించి మూడో డ్రాఫ్టుకు హీరో తమ్ముడవుతాడు. మూడో ఆగమం కడలై మిఠాయి. కోవిల్‌పట్టి వేరుసెనగ బెల్లం అచ్చుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు సినిమాలోనూ కనిపించాలన్న షరతు మీద ఒక బంధువు ఇంత సొమ్ము పెడతానంటాడు. పల్లెను మింగవలసిన రాక్షసుడు మిఠాయి దుకాణం ముందు ఆగుతాడు. తెలుగు రాక్షసుడికి ఇది అవమానమేమీ కాదు. 1957 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరెగిరి వచ్చినప్పటి నుంచీ మన రాక్షసుల పరాక్రమాన్ని మనం తిండితోనే కొలుస్తున్నాం.

నాలుగో ఆగమం కాగితం. రాక్షసుడు మొదటి రీలులో ఒక మేకను ఎత్తుకుపోవాలి. మేక తెర మీదికి రావాలంటే 2001 నాటి నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తెచ్చుకోవాలి. ఒకప్పుడు చెన్నైలో ఉన్న ఆ బోర్డు 2018లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌కు తరలిపోయింది. కరిసల్ మేక దరఖాస్తు అంత దూరం వెళ్ళి రావాలి. పైగా 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం లెక్కన మనిషి కాని ప్రాణి ఏదైనా జంతువే. అప్పుడు రాక్షసుడి సంగతేమిటన్న ధర్మసందేహం వస్తుంది. సమాధానం: తొడుగు వేస్తే లోపల ఉన్నది మనిషి, బిళ్ళ కాలిస్తే ఉన్నది బూడిద. రెండింటికీ అనుమతి అక్కర్లేదు. అక్కరపడేది మేకకే. కాబట్టి మేకనూ లోపం చేసి, తెగిన పలుపుతాడు చూపించి, "మేక ఏదే?" అని అవ్వచేత అడిగించడం ఉత్తమం.

వృద్ధి ప్రకరణం

సూత్రం: రూపలోపే శబ్దవృద్ధిః.

రూపం పోయిన చోట శబ్దం పెరుగుతుంది. గాడ్జిల్లా గర్జన ఏ మృగానిదీ కాదు. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే చూపిన దారిలో, డబుల్ బాస్ తీగలను వదులు చేసి, జిగురు పూసిన తోలు తొడుగుతో వాటిని రాపాడించి పుట్టించారు. ఆ రాపిడి విద్య కరిసల్‌కు కొత్తా? కంబళ నాయకుల దేవరాట్టానికి తోడు వచ్చే డప్పుల కుటుంబంలో ఉరుమి ఉంది. రెండు ముఖాల డోలు. వంకర పుల్లను ఒక ముఖం మీద కొట్టకుండా ఒత్తి గీస్తే లోపలినుంచి మూలుగు లేస్తుంది. అనంతపురం వైపు ఉరుముల నాట్యం చూసినవాళ్ళకు ఆ ధ్వని కడుపులో ఎక్కడ తగులుతుందో తెలుసు. ఉరుమి కళాకారుడికి ఒక పూట బేటా, పరోటా ఇచ్చి మైకు ముందు కూర్చోబెడితే రాక్షసుడికి గొంతు వచ్చినట్టే. ఆయన గీతకు గీతకు మధ్య తీసుకునే ఊపిరి కూడా రికార్డు చెయ్యాలి. గర్జన కంటే దానికే ఎక్కువ జడుస్తారు.

'క్యాట్ పీపుల్'లో ఒకమ్మాయి చీకట్లో ఒంటరిగా నడుస్తుంటే, వెనక ఏదో వస్తోందనుకుంటున్న క్షణంలో బుస్సుమని బస్సు వచ్చి ఆగుతుంది. హాలంతా ఎగిరిపడుతుంది. అప్పటినుంచి ఉత్తుత్తి హడలుకు సినిమావాళ్ళ పరిభాషలో 'ల్యూటన్ బస్సు' అని పేరు. ఆ బస్సును హాలీవుడ్‌వాళ్ళు ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. మనకు 44వ నెంబరు జాతీయ రహదారి మీద రాత్రింబగళ్ళు ఎయిర్ హారన్లతో తిరుగుతూనే ఉంటాయి. వాటిని ఆపడమే కష్టం.

కాలదేశ నిర్ణయం

రెక్కీ అనగానే కారు మాట్లాడుకుని కొండలెక్కడం కుర్ర దర్శకుల లక్షణం. ఇక్కడ సెట్టు వేసేది ఎండ. నల్లరేగడిలోని బంకమన్ను నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఏప్రిల్, మే నెలలకు పొలం నెర్రెలు విచ్చి, చెయ్యి దూరేంత చీలికలు పడతాయి. రాక్షసుడు వెలికి రావడానికి అంతకంటే మంచి ద్వారం ఏ కళా దర్శకుడూ కట్టలేడు. కానీ దానికి గడువుంది. ఈశాన్య రుతుపవనం అక్టోబరులో పట్టుకుంటే నెర్రెలు పూడిపోతాయి, రైతు విత్తనాలు పట్టుకుని దిగుతాడు, సెట్టు మీద పత్తి మొలుస్తుంది. స్క్రిప్టు సంక్రాంతికి, అనుమతులు శివరాత్రికి, కొబ్బరికాయ ఉగాదికి. ఇది తప్పినవాడు మళ్ళీ వేసవి దాకా పరోటాలు తింటూ కథ చర్చించాలి. ఎండను నమ్ముకోవడం ఈ ప్రాంతానికి అచ్చివచ్చిన సంగతి. విరుదునగర్ వాడైన వసంతబాలన్ 2006లో ఎండ పేరే పెట్టి 'వెయిల్' తీస్తే జాతీయ పురస్కారం వచ్చింది.

షెడ్యూలు వేసేవాడు కళుగుమలై వెళ్ళి వెట్టువాన్ కోవిల్ చూసి రావాలి. ఎనిమిదో శతాబ్దంలో పాండ్యుల నాటి శిల్పులు ఒక్క రాతిని పైనుంచి కిందికి తొలుస్తూ విమానమంతా చెక్కి, అడుగు భాగం పూర్తికాకుండానే ఆగిపోయారు. పన్నెండు వందల ఏళ్ళుగా జనం ఆ శిఖరాన్ని చూసి చేతులెత్తి మొక్కుతున్నారే తప్ప, కింద పని మిగిలిందని ఎవరూ కేసు వెయ్యలేదు. ఎక్కడ సొమ్ము ఆగిపోయినా అప్పటిదాకా చేసినది చూడదగినట్టు ఉండాలి. రాక్షసుడు నెర్రెలోంచి లేచే ఒక్క షాటూ మొదటి రోజునే తియ్యాలి. టీ తాగే సీన్లు చివరికి ఉంచుకోవాలి. కుర్ర దర్శకులు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు.

పూర్వపక్షము, సిద్ధాంతము

పూర్వపక్షి అంటాడు: ఇప్పుడు కంప్యూటరు ఉంది కదా, బిళ్ళలూ ఉరుములూ ఎందుకు? సమాధానం: 2010లో గారెత్ ఎడ్వర్డ్స్ అయిదు లక్షల డాలర్ల లోపు ఖర్చుతో 'మాన్‌స్టర్స్' తీసి, గ్రాఫిక్స్ సొంతంగా తన కంప్యూటరు మీద చేసుకున్నాడు. చేతిలో అంత విద్య ఉండి కూడా ఆయన రాక్షసుల్ని చివరిదాకా దాచిపెట్టాడు. చెయ్యగలిగినవాడే దాచాడంటే చెయ్యలేనివాడు ఏం చెయ్యాలో వేరే చెప్పాలా?

పూర్వపక్షి మళ్ళీ అంటాడు: అంతా దాస్తే మిగిలేదేమిటి? దేన్ని చూసి భయపడాలి?

ఇది గట్టి ప్రశ్న. దీనికి జవాబు చెన్నై స్టూడియోలోనూ దొరకదు, టోక్యోలోనూ దొరకదు. ఆ ఊరు ఇప్పటికే దేనికి భయపడుతోందో తెలుసుకున్నవాడికే దొరుకుతుంది. సముద్రం పక్కవాడికి చేప, అణుబాంబు తిన్నవాడికి గాడ్జిల్లా. కరిసల్‌వాడు భయపడేది వానకు, రాని వానకు. కాబట్టి కోవిల్‌పట్టి రాక్షసుడు మనుషుల్ని తినకూడదు. వాడు భూమి లోపల పడుకుని నీళ్ళు తాగాలి. అప్పుడు వాణ్ణి చూపించడానికి ఒక్క చేంతాడు చాలు. మొదటి సీన్లో అవ్వ బావిలో చేద వేస్తే తాడు సరిపోతుంది. రెండో రోజు మూరెడు తక్కువవుతుంది. పాత తాడుకు కొత్త ముక్క ముడేస్తుంది. నాలుగో రోజుకు ముళ్ళు నాలుగు. ఊళ్ళో ఒక్కొక్క ఇంటి తాడూ వచ్చి ఆ తాడుకు చేరుతుంది. అయినా చేద నీళ్ళకు తగిలిన చప్పుడు వినిపించదు. ఒక రాత్రి అవ్వ తాడు పైకి లాగబోతే, అవతలి కొసనుంచి ఎవరో లాగుతారు.

బంధు నిర్మాతకు ఈ కథ చెప్పినప్పుడు జరిగేదే ఈ శాస్త్రానికి పరమ ప్రమాణం. అప్పటిదాకా ప్రతి సీనుకూ "ఎంతవుతుంది?" అంటూ వచ్చిన మామ, తాడు అవతలి కొసనుంచి లాగారనగానే పరోటా తుంపడం ఆపి "తర్వాత?" అంటాడు. వాన తప్పిన ఏడు ఎడ్లను తోలుకుపోయి అమ్ముకున్న ఇంటివాడాయన. ఎంత అన్న నోటితో తర్వాత అని అడిగిన క్షణాన స్క్రిప్టు పూర్తయినట్టు లెక్క. అంతకు ముందు ఎన్ని డ్రాఫ్టులు రాసి బైండు చేయించినా అది కాగితమే.

ఫలశ్రుతి

దీన్ని ఉదయాన్నే చదివినవాడికి లొకేషన్ అనుమతి దొరుకుతుంది. మధ్యాహ్నం చదివినవాడికి మేడ మీద ఎండ దొరుకుతుంది. సాయంత్రం చదివినవాడికి నిర్మాత ఫోనెత్తుతాడు. మూడు పూటలా చదివినవాడు షూటింగు మొదలుపెట్టడు, రెండో భాగం స్క్రిప్టు రాస్తూ కూర్చుంటాడు. "తర్వాత?" అన్న మామ మాత్రం కథ పూర్తిగా విని, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆ చేంతాడు కొనడమెందుకు అల్లుడూ, అద్దెకు దొరకదా?" అంటాడు. దొరుకుతుంది. ముళ్ళు మాత్రం మనమే వేసుకోవాలి.